రోలుకు చోటు లేని ఇల్లు

టివాకు ఆ రోజు కళ్ళు తెరవకముందే కోపం వచ్చింది. పైకప్పు మీద ఎవరో నడుస్తున్నారు. బయటికి వచ్చి చూస్తే ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని మూలగది రేకులు ఊడదీస్తున్నారు. ఆ గది ఖాళీ అయి నాలుగు రోజులైన మాట నిజమే. కాని దాన్ని ఆనుకున్న గది టివాది. అందులో ఆమె తల్లి, ఎనభై మూడేళ్ళ సచివా, ఇంకా దుప్పటి ముసుగులోనే ఉంది.

“సాయంత్రం దాకా గడువని మీ ఆసామి తన నోటితోనే చెప్పాడు,” అంది టివా నడుం మీద చేతులు వేసుకుని. “సూర్యుడింకా ముఖం కూడా కడుక్కోలేదు. అప్పుడే ఎక్కేశారేంటి?”

“మీ గది ముట్టుకోమక్కా. పక్కదే.”

“వాసం రెండిటికీ ఒకటే కదయ్యా. నువ్వటు లాగితే ఇటు మా అమ్మ నెత్తిన పడుద్ది. దిగండి. మేం వెళ్ళాక గోడలు కూడా పీక్కుపోండి, నేనొచ్చి అడుగుతానా?”

వాళ్ళు దిగారు. ఎదురుగది పొకువా వాళ్ళిద్దరికీ చెరో గ్లాసు వేడి గంజి ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. “వాళ్ళదేం తప్పే, కూలికొచ్చినోళ్ళు,” అంది. దాంతో టివా కోపం కాసేపు పొకువా మీదికి తిరిగింది.

కుమాసి నగరంలో, ఓల్డ్ తాఫో పేటలో, ఆ లోగిలి అందరికీ తెలుసు. మధ్యలో వాకిలి, చుట్టూ ఎనిమిది గదులు, అందరికీ కలిపి ఒక కుళాయి. టివా అక్కడ ఇరవై రెండేళ్ళున్నది. ముసలి ఆసామి పోయాక ఇల్లు ఆయన అక్క కొడుకు చేతికి వచ్చింది. అక్కడ ఎవరి ఆస్తయినా కొడుకులకు కాక మేనల్లుడికే వస్తుంది కాబట్టి దానికెవరూ ఏమీ అనలేదు. అయితే ఆ మేనల్లుడికి అక్కడ కొట్లు కట్టాలని ఉంది. ముందు కుళాయి ఎండిపోయింది. తరువాత స్నానాల గది తలుపు మాయమైంది. ‘వెళ్ళిపొండి’ అని అతను ఒక్కనాడూ గొంతెత్తి అనలేదు. అదే టివాకు మరీ మండింది. తిట్టేవాడినైతే తిరిగి తిట్టవచ్చు. ‘పెద్దమ్మా, ఆరోగ్యం బావుందా’ అని సచివాను పలకరించి, క్షేమం కనుక్కుని, తలుపు భుజాన వేసుకుపోయేవాణ్ణి ఏమని తిడతాం?

టివాకు యాభై ఒక్కటి. బట్టలు కుడుతుంది. భర్త పోయిన తరువాత ఆ మిషను మీదే ఇద్దరు కూతుళ్ళను ఓ దారికి చేర్చింది. చావు దినాలకు కట్టే ఎర్రబట్టా నల్లబట్టా ఆమె కుడితే ఒంటికి అతికినట్టు ఉంటాయని తాఫోలో పేరు. ఆమె కోపానికీ పేరే. పాస్టరుగారు ఆమె కోపం తగ్గాలని సంఘంతో రెండుసార్లు ప్రార్థన చేయించారు. ఆ మధ్య చర్చి పైకప్పు పని ఆరునెలలు సాగదీసిన మేస్త్రీ దగ్గరికి టివా ఒక్కతే వెళ్ళి వచ్చింది. వారం తిరక్కుండా కప్పు పడింది. ఆ తరువాత పాస్టరుగారు ఆ ప్రార్థన మళ్ళీ చేయించలేదు.

సామాను సర్దడమంటే ఇంత ఉంటుందని ఆమె అనుకోలేదు. ఉన్నది ఒకే గది. కాని ఇరవై రెండేళ్ళలో ఆ గది తన కడుపులో ఎన్ని దాచుకుందో తీసేకొద్దీ బయటికి వచ్చింది. మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు. ఎప్పుడూ వాడని గాజు గ్లాసులు. చావు దినాల్లో పంచిన, చనిపోయినవాళ్ళ ఫొటోలు అచ్చువేసిన చొక్కాలు పదకొండు. గళ్ళ ప్లాస్టిక్ సంచులు నాలుగు తెచ్చింది, అవి పొద్దెక్కకముందే నిండిపోయాయి. చర్చి స్త్రీల సంఘం నుంచి ముగ్గురు సాయానికి వచ్చి, ఎవరికి తోచినట్టు వాళ్ళు సర్దారు. ఉప్పు సంచిలో సబ్బులు పడ్డాయి. సూదుల డబ్బా ఎక్కడ పెట్టారో పెట్టినామెకే గుర్తులేదు.

“ఇంకో గంట ఇలాగే సాయం చేస్తే నేను కట్టుబట్టల్తో పోవాల్సిందే,” అంది టివా.

వాళ్ళు నవ్వారు. నవ్వుతూనే ఇంకా వేగంగా సర్దారు.

మంచం గుమ్మంలోంచి రాలేదు. నిలబెట్టి చూశారు, పక్కకు తిప్పి చూశారు. అప్పటికి పొకువాకు గుర్తొచ్చింది. “అయ్యో, దీన్ని వడ్రంగి లోపలే కూర్చుని చేశాడు కదే. అప్పుడు నువ్వే అన్నావు, ఇక ఈ గది వదిలేది లేదు, ఎంత పెద్దదైనా చెయ్యమని.”

“అన్నాను. నా నోటికి బుద్ధి లేదు,” అంది టివా.

బండి ఎనిమిదింటికి రావాల్సింది, తొమ్మిదిన్నరకు వచ్చింది. వెనక తొట్టి ఉన్న మూడు చక్రాల బండి, అబొబొయా. తొట్టి మీద పసుపురంగు అక్షరాలతో ‘తొందరెందుకు’ అని రాసి ఉంది. టివా అది చదివి, బండివాడి వంక చూసి, మళ్ళీ చదివింది.

“నాకోసమే రాయించావా ఇది?”

“బండి కొన్నప్పట్నించీ ఉందమ్మా,” అన్నాడు ఆలిదు. నలభై ఏళ్ళవాడు, ముస్లిములుండే జోంగో పేటవాడు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. “టైరు పంచరైంది. కోప్పడండి పర్లేదు, మోసేటప్పుడు మాత్రం ఓ చెయ్యెయ్యండి.”

అతనే రంపం అడిగి తెచ్చి మంచం కోళ్ళు కోసి బయటికి తీశాడు. కుట్టుమిషను తలను తొట్టిలో పెట్టేముందు తన కోటు విప్పి కింద పరిచాడు. టివా అది చూసింది. చూసి కూడా ‘మెల్లగా, అది ఇనుమనుకున్నావా’ అని కసిరింది.

మొదటి బండి మంచం, మిషను, బట్టల మూటలతో క్వదాసో పేటలోని కొత్త ఇంటికి వెళ్ళి, పై అంతస్తులో దించి వచ్చింది. రెండోదానిలో వంటసామాను, సచివా ట్రంకుపెట్టె, కొయ్య రోలు, రోకలి, చివరికి సచివా. ఆ ముసలామె పొద్దుటినుంచీ వాకిలి మధ్య పీట వేసుకుని కూర్చుని, ‘పీటతో సహా అన్నీ ఎక్కాకే నేనెక్కుతా’నని కదలలేదు. తన చావుబట్టలున్న పెట్టెను ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆలిదు ఆమెను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి తొట్టిలో కుర్చీ మీద కూర్చోబెట్టాడు.

“నీ చేతులు బావున్నాయిరా,” అంది సచివా. “నా కూతురివి చూడు, ఎప్పుడూ నడుం మీదే ఉంటాయి.”

బండి సందు మలుపు తిరగకముందే వాళ్ళ గది మీది మొదటి రేకు కిందపడిన చప్పుడు వినిపించింది. టివా వెనక్కి తిరిగి చూడలేదు. పొకువా పరుగెత్తుకొచ్చి, గుండెలకు అదుముకున్న మూట ఒకటి తొట్టిలో పడేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయింది. మూటలో కర్రపెండలం దుంపలు, పచ్చి అరటికాయలు, పొగబెట్టిన చేప. కొత్త ఇంట్లో మొదటిపూట సంతకు పరుగెత్తకూడదని.

కొత్త ఇల్లు రెండంతస్తులది. ముందుగోడ మీద ‘ఈ ఇల్లు అమ్మకానికి లేదు’ అనీ, దాని కింద ‘ఇక్కడ మూత్రం పోయరాదు’ అనీ రాసి ఉన్నాయి. యజమాని రాజధాని అక్రాలో ఉంటాడు. ఇల్లు చూసుకునేది ఫ్రింపాంగ్ అనే పెద్దాయన. మెట్ల కింది చిన్నగదిలో ఒక్కడే ఉంటాడు. మొదటి బండి వచ్చినప్పుడు ఆయన మంచం చివర పట్టుకుని పైదాకా మోశాడు. రెండో బండిలోంచి ఆలిదు రోలు దించబోతుంటే మటుకు లేచి వచ్చి, దాని అంచు మీద చెయ్యి వేశాడు.

“ఇది పైకి పోదు చెల్లెమ్మా.”

“పోతుంది. మంచమే పోయింది.”

“పట్టక కాదు. ఈ ఇంట్లో ఫుఫు దంచకూడదు. రూలు.” మెట్ల మొదట్లో గోడ చూపించాడు. అక్కడా రాసి ఉంది, మొదటి రెండిటికన్నా పెద్ద అక్షరాలతో.

టివా ఇల్లు చూడటానికి వచ్చినరోజు, చూపించడానికి తీసుకొచ్చిన ఏజెంటును అన్నీ అడిగింది. నీళ్ళు వస్తాయా, దగ్గర్లో చర్చి ఉందా, మెట్లు ఎన్ని, అమ్మ ఎక్కగలదా. ఇది మాత్రం అడగలేదు. ఉడికిన దుంపలూ అరటికాయలూ రోట్లో మెత్తగా దంచి చేసే ఫుఫు ఆ ఊళ్ళో ప్రతి ఇంటి తిండి. ఊపిరి పీల్చుకోనిస్తారా అని ఎవరైనా అడుగుతారా? ఆ రోజు గోడవైపు చూడనుకూడా లేదు. రెండేళ్ళ అద్దె ముందుగా కట్టి, తాళంచెవి పుచ్చుకుని, దేవుడికి దండం పెట్టుకుని వెళ్ళిపోయింది.

“మరి ఈ ఇంట్లోవాళ్ళు ఏం తింటారు?” అంది. గొంతు ఇంకా మామూలుగానే ఉంది. తెలిసినవాళ్ళయితే ఆ గొంతుకే రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు.

“పొడి. పాకెట్లో దొరుకుద్ది. నీళ్ళలో కలిపి పొయ్యిమీద తిప్పుకుంటారు. అందరూ ఇప్పుడదే కదా.”

తొట్టిలోంచి సచివా తల ఇటు తిప్పింది. “ఏం పొడి?”

టివా తల్లికి పళ్ళు లేవు. అన్నం గొంతులో అడ్డం పడుతుంది, రొట్టె దిగదు. మెత్తగా దంచి పులుసులో ముంచిన ఫుఫు ఒక్కటే నమలకుండా జారుతుంది. రోజుకు ఆ ఒక్కపూటే ఆమె తిండి. కిందటేడు చెల్లెలు ముచ్చటపడి అక్రా తీసుకుపోయి, మూడువారాలు పొడి కలిపి పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని సచివా ‘జిగురు’ అని తీసేసిందట. తరువాత నోరే తెరవలేదట. తిరిగి వచ్చేసరికి మనిషిని ఒంటిచేత్తో ఎత్తగలిగినంత అయింది. ఆ వారం టివా మిషను ముట్టుకోలేదు. పూటకో పిడికెడు తినిపిస్తూ, ప్రతి ముద్దకూ లోపల ప్రార్థన చేస్తూ, తల్లిని మళ్ళీ మనుషుల్లోకి తెచ్చుకుంది. రోలు ఆ గుమ్మం దాటకపోతే తల్లికి ఆ ఇంట్లో ఎన్నిరోజులో ఆమెకు తెలుసు.

“ఆ ఏజెంటు నాకు చెప్పలేదు,” అంది.

“చెప్పడు. చెప్తే ఎవరొస్తారు?”

“మీరూ చెప్పలేదు. ఆరోజు కుర్చీ వేసుకుని ఇక్కడే కూర్చున్నారు. నేను మెట్లెక్కుతుంటే దీవించారు కూడా.”

“నన్నడగలేదు కదా చెల్లెమ్మా.”

అప్పుడు టివా గొంతు లేచింది. పైన బాల్కనీలో ఆరుతున్న బట్టల మధ్యనుంచి ముగ్గురు నలుగురు ఆడవాళ్ళ తలలు కనిపించాయి. “అడగలేదు. మీకు తల్లి ఉందాని కూడా అడగలేదు నేను. ఉండే ఉంటదనుకున్నా. ఆవిడ మీకు పొడి కలిపి పెట్టిందా పెద్దాయనా? మీ ఒంట్లో ఈ ఎముకలు పాకెట్లోంచి వచ్చినయ్యా?”

పైన ఎవరో కిసుక్కుమన్నారు. ఫ్రింపాంగ్ ముఖం ముడుచుకుంది, కాని చెయ్యి రోలు మీదినుంచి తియ్యలేదు.

“నువ్వు తిట్టు, పడతా. నీకన్నా ముందున్నావిడ తలుపేసుకుని దంచింది. టైల్స్ పగిలినయ్. కిందవాళ్ళ సీలింగు రాలింది. ఆయన అక్రానుంచి వచ్చి ఆవిణ్ణేం అనలేదు, నన్ను పెట్టె సర్దుకోమన్నాడు. అరవై నాలుగేళ్ళు నాకు. ఆ మెట్లకింద గది పోతే నేనెక్కడికి పోవాలో నువ్వే చెప్పు.”

ఆ మాట నిజమని టివాకు తెలిసింది. తెలిసినందుకు కోపం ఇంకా పెరిగింది. పొద్దుటినుంచీ ఇదే వరస. రేకులు పీకేవాడు కూలివాడు, మేనల్లుడు మర్యాదస్తుడు, ఈయన అసలే దిక్కులేనివాడు. అందరూ మంచివాళ్ళే. ఆ మంచివాళ్ళంతా కలిసి తన తల్లి నోటికాడ ముద్ద తీసేస్తున్నారు. గట్టిగా ఒకణ్ణి పట్టుకుని తిట్టడానికి ఒక్క దుర్మార్గుడైనా దొరకడే.

“నన్ను వెనక్కి తీసుకుపో నాయనా,” అంది సచివా ఆలిదుతో, నెమ్మదిగా. “తాఫోలోనే దంచుకుంటాం.”

ఆలిదు టివా ముఖం చూశాడు. అక్కడ ఇప్పుడు కప్పు లేదని ఇద్దరికీ తెలుసు.

టివా ఇంటి గేటు వంక చూసింది. గేటుకూ వీధి కాలువకూ మధ్య నాలుగడుగుల మట్టి నేల ఉంది. రోడ్డు పక్క నేల. ఎవరిదీ కాదు.

“ఆలిదూ, రోలు అక్కడ దించు.”

“అక్కడా? అది ఇంటిముందు కదా,” అన్నాడు ఫ్రింపాంగ్.

“ముందే. ఇంట్లో కాదు. మీ గోడమీద ఏం రాసుంది? చదవండి. ‘ఈ ఇంట్లో’ అనుంది. అక్కడ టైల్స్ లేవు, సీలింగ్ లేదు. ఆ మట్టి పగిలితే అక్రానుంచి ఆయన్ని రమ్మనండి, నేను మాట్లాడతా.”

ఫ్రింపాంగ్ గోడ చదివాడు. పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు. తరువాత రోలు మీదినుంచి చెయ్యి తీశాడు.

టివా కుంపటి రాజేసింది. ఆమె ఊదిన ఊపుకు బొగ్గులు భయపడి అంటుకున్నాయన్నట్టుంది. పొకువా ఇచ్చిన మూట విప్పి, కర్రపెండలం చెక్కు తీసి, అరటికాయలతో కలిపి ఉడకేసింది. సంచుల్లో వెతికితే ఉప్పుకు సబ్బు వాసన. చేప పులుసు ఇంకో కుండలో పెడుతుంటే మిరపకాయలు ఎక్కడ పెట్టారో దొరకలేదు. చర్చి సంఘం మొత్తాన్ని పేరుపేరునా తలుచుకుంది. అప్పుడు పైనుంచి ఒకావిడ దిగి వచ్చి, గుప్పెడు మిరపకాయలు గిన్నె పక్కన పెట్టి, “నా రోలు మా అన్న ఇంట్లో ఉందక్కా, రెండేళ్ళైంది,” అని చెప్పి, మళ్ళీ పైకి వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

ఫుఫు ఒక్కరి వల్ల అయ్యేది కాదు. రోకలి మనిషంత పొడవు. ఒకరు నిలబడి దంచాలి, ఒకరు పీట మీద కూర్చుని, దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి పెట్టి ముద్దను తిప్పాలి. తాఫోలో పొకువా దంచేది. ఇక్కడ ఎవరున్నారు? టివా రోకలి పట్టుకుని నిలబడి, తిప్పేదెవరని చుట్టూ చూసింది.

“ఇటివ్వండమ్మా,” అన్నాడు ఆలిదు. “మీరు ఇప్పుడున్న కోపానికి రోలే రెండవుతుంది.”

“నీకు ఇంకో బండి ఉందన్నావు.”

“ఉంది. నా బండి వెనక ఏం రాసుందో చదివారుగా.”

ఆమె కూర్చుంది. అతను దంచాడు. మొదట రెండు దెబ్బలు తడబడ్డాయి. టివా తిట్టింది. మూడోదానికి లయ కుదిరింది. రోకలి పడుతుంది, లేస్తుంది, ఆ మధ్యలో ఆమె చెయ్యి వెళ్ళి ముద్దను మడిచి వస్తుంది. ఇద్దరిదీ చెరో దేవుడు, పొద్దుటిదాకా ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అయినా ఆమె తన వేళ్ళను అతని రోకలి కింద పెడుతూనే ఉంది. దంపుడు చప్పుడు వీధి మలుపుదాకా వినిపించింది. పైనుంచి ఇంకో ఇద్దరు ఉడికించిన దుంపలు గిన్నెల్లో పట్టుకుని దిగారు.

“మాదీ ఓ వాయి వెయ్యవా అక్కా.”

“వరసలో ఉండండి. ముందు మా అమ్మ.”

ముద్ద గుండ్రంగా చేసి, పులుసు పోసి, గిన్నె తల్లి ఒళ్ళో పెట్టింది. వీధి, ఆడవాళ్ళు, ఫ్రింపాంగ్, అందరూ చూస్తుండగా సచివా వేళ్ళు కడుక్కుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అది చాలాసేపు సాగింది. బండివాడి టైరు కోసం కూడా ప్రార్థించింది. తరువాత ఓ ముద్ద తుంచి, ముంచి, మింగింది.

“ఉప్పు సబ్బు వాసనొస్తుందే,” అంది. ఇంకో ముద్ద తుంచింది.

టివా ముఖం అటు తిప్పుకుని, పొగ అన్నట్టు కళ్ళు తుడుచుకుంది.

పొద్దు వాలేసరికి మబ్బు పట్టింది. ఆడవాళ్ళు గిన్నెలతో పైకి వెళ్ళారు. ఆలిదు తన వంతు తిని, కోటు దులుపుకుని వెళ్ళిపోయాడు. సచివాను కింది అంతస్తులో ఉండే ఇద్దరు పైకి చేర్చారు. చినుకులు మొదలయ్యాయి. టివా రోలు పక్కనే నిలబడి ఉంది. వానకు నానితే కర్ర చీలిపోతుంది. వీధిలో వదిలేస్తే తెల్లవారేసరికి ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోతారు. రేపు దంచడానికి ఏముంటుంది? పొద్దుటినుంచి పడ్డదంతా ఈ ఒక్క పూటకేనా?

ఫ్రింపాంగ్ తలమీద గోనెపట్టా వేసుకుని గేటులోంచి వచ్చాడు. రోలును పక్కకు ఒరగేసి, దొర్లించుకుంటూ గేటులోకి, మెట్లకింది తన గదిలోకి తీసుకుపోయాడు. రోకలి కోసం మళ్ళీ వచ్చాడు. అప్పుడన్నాడు:

“దంచకూడదనే రాసుంది. ఉంచకూడదని లేదు.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు ఆ మాట?”

“నువ్వు అరుస్తుంటే చదువు సాగలా.”

టివా నవ్వలేదు. ఆ రోజంతటి కోపం ఇంకా ఒంట్లో అలాగే ఉంది. ఒక్క రోలు లోపలికి పోయినంతమాత్రాన అది దిగేది కాదు. రేపు సూదుల డబ్బా దొరకాలి, మంచానికి కోళ్ళు పెట్టించాలి, ఆ ఏజెంటు ఇల్లెక్కడో కనుక్కోవాలి.

కుండ అడుగున ఒక ముద్దకు సరిపడా మిగిలింది. గిన్నెలోకి తీసి, పులుసు పోసింది. కుడిచెయ్యి మోచేతిదాకా పిండి జిగురు, ఎడంచెయ్యి శుభ్రంగా ఉంది. ఎడంచేత్తో గిన్నె ఎత్తి ఆయన గదివైపు రెండడుగులు వేసింది. ఎడంచేత్తో ఇస్తే ఆయనకు తెలుస్తుంది, తన కోపం ఎంతదో, ఇంకో మాట అక్కర్లేకుండా. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. గిన్నె మెట్టు మీద దించింది. చినుకుల్లో చెయ్యి చాపి, వేళ్ళ సందుల్లో జిగురంతా పోయేదాకా రుద్ది కడుక్కుంది. అప్పుడు కుడిచేత్తో గిన్నె తీసుకుని ఆయన ముందు పెట్టింది. పులుసు తొణికేంత గట్టిగా పెట్టింది.

“రేపు నాలుగింటికి రోలు బయట ఉండాలి,” అంది. “ఆలస్యమైతే నేను ఊరుకోను.”